ఈ వారం ఎవరి మీద?

ఉగ్గాని వాసన తగిలితే మా సీమలో ఎవరికైనా ఆకలేస్తుంది. నాకు మాత్రం కుళ్ళు పుడుతుంది. మొన్న శనివారం పొద్దున ఆళ్లగడ్డ బస్టాండులో దిగానో లేదో, ఎదురుగా బండి మీద తిరగవాత చిటపటలాడింది. నానబెట్టి పిండిన బొరుగులు బాణలిలో పడ్డాయి, వాటి మీద పప్పుల పొడి పడింది, పక్క పొయ్యి మీద నూనెలో మిరపకాయ బజ్జీలు తేలుతున్నాయి. ఆ వాసనకు సుగుణమ్మ గుర్తొచ్చింది. ఆమె పోయి మూడేళ్లయింది. పోయినవాళ్లు గుర్తొస్తే కళ్ళు చెమరుస్తాయంటారు. నాకు మాత్రం కడుపులో చిన్న మంట రేగింది. ఈ మనిషి మీద ఓర్వలేనితనం నాకింకా తీరలేదన్నమాట అనుకుంటూ నాలుగు పొట్లాలు కట్టించుకున్నాను.

మీరెవరూ ఆమెను చూసి ఉండరు కాబట్టి మొదటి నుంచి చెప్తాను. నంద్యాలలో రైలుగేటు అవతల ఒక పేట ఉంది, దళితుల పేట. మునిసిపాలిటీ చెత్తబండ్ల మీద పనిచేసేవాళ్లు, బియ్యం మిల్లుల్లో మూటలెత్తే హమాలీలు, ఇళ్లల్లో అంట్లు తోమే ఆడవాళ్లు అక్కడ ఉంటారు. పొద్దున్నే ఊరంతా శుభ్రంగా కనిపించేది వాళ్ల చేతి చలవతోనే. అయినా ఆటోవాళ్లు గేటు దగ్గరే ఆపేసి, లోపలికి రామనేవారు. సుగుణమ్మ ఆ పేటలో పుట్టింది, అక్కడే అంగన్‌వాడీలో ఆయాగా చేసింది, ఆ పని మానేసి పేట కోసం ఒక సేవాసంఘం పెట్టింది. పిల్లలకు సాయంత్రం చదువులు, ఆడవాళ్లకు కుట్టు తరగతులు, హాస్టల్ సీట్లు, పింఛన్లు, జబ్బు చేసిన వాళ్లకు ఆసుపత్రిలో తోడు, ఇవన్నీ ఆ సంఘం పనులు. నేను ఆమె కింద చాలా ఏళ్లు పనిచేశాను. ఇప్పుడు ఆమె కుర్చీలో కూర్చుంటున్నాను. కుర్చీ ఇంకా ఆమెదే అన్నట్టు చూస్తారు పేటలో, అది వేరే సంగతి.

నాది గడివేముల. మా నాయన కూలికి పోయి నన్ను చదివించాడు. అనంతపురంలో సోషల్ వర్క్ పట్టా పుచ్చుకుని, నాకు తెలియనిది లేదన్న ధీమాతో సంఘంలో చేరడానికి వచ్చాను. సేవ చేసే మనిషంటే నూలు చీర కట్టుకుని, భుజాన సంచి వేసుకుని, మెల్లగా మాట్లాడుతుందని అనుకున్నాను. నా ఎదుట నిలబడిన మనిషి మామిడిపండు రంగు చీర కట్టింది. చెవులకు పెద్ద కమ్మలు, జడలో మూరెడు కనకాంబరాలు, గొంతేమో వీధి చివరిదాకా వినిపించే గొంతు. నేను ఎగాదిగా చూడటం ఆమె కనిపెట్టింది.

“ఏంది పాపా, అట్ల చూస్తాండావ్? మనం మాసిన గుడ్డలు కట్టుకుంటే ఊర్లోవాళ్లకు శానా నిమ్మళంగా ఉంటాది. ఆ నిమ్మళం వాళ్లకేంటికియ్యల్ల మనం?” అంది.

నేను ఆ చీర వంక మళ్ళీ చూశాను. నిజం చెప్పాలంటే బాగుంది. అదే మొదటి కుళ్ళు.

చేరిన వారమే శనివారం మాట గురించి తెలిసింది. ప్రతి శనివారం పొద్దున పనిలోకి దిగే ముందు సంఘంలో పనిచేసేవాళ్లందరం చాప మీద కూర్చునేవాళ్లం. ఉగ్గాని, బజ్జీ వచ్చేది. తింటూ ఒక్కొక్కరం ఆ వారంలో ఎవర్ని చూసి ఓర్వలేకపోయామో పైకి చెప్పాలి. ఎందుకో చెప్పనక్కర్లేదు, పేరు చెబితే చాలు. వినేవాళ్లు నవ్వకూడదు, నీతులు చెప్పకూడదు, ఓదార్చకూడదు. సుగుణమ్మ అందరి వంకా తిరిగి “ఈ వారం ఎవరి మింద?” అని అడిగేది, ఆఖర్న తనూ చెప్పేది. ఇదేం ఆచారమని నేను నోరు తెరిచాను. కుట్టు నేర్పే మహబూబ్ బాషా నా చెవిలో అసలు సంగతి చెప్పాడు. సుగుణమ్మ అంతకు ముందు ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి ఒక సంఘం పెట్టిందట. దొంగతనమో, గొడవో ఏదీ లేకుండానే అది మూతబడింది. ముగ్గురూ ఒకరినొకరు చూసి లోలోపల ఉడికిపోయారు, పైకి మాత్రం నవ్వుకున్నారు. ఒకరోజు చూస్తే మాట్లాడుకోవడానికి ఎవరూ మిగల్లేదు. ఈసారి సంఘం పెట్టినప్పుడు ఆమె రాసుకున్న మొదటి నియమం ఇదేనట.

బాషా ప్రతి శనివారం ఎదురు వీధి టైలరు పేరే చెప్పేవాడు, అతను కరెంటు మిషను కొన్న నాటి నుంచి బాషాకు నిద్ర పట్టడం లేదు. సుగుణమ్మ పేర్లు మాత్రం వారానికో రకంగా ఉండేవి. ఒకసారి చర్చిలో తనకంటే పైస్థాయిలో పాడిన ఆడమనిషి, ఒకసారి పక్కింటావిడ కోడలు చేసిన కారం దోసె, ఒకసారి పింఛను ఇప్పించినందుకు ఎవరి కాళ్లకైతే ఓ ముసలాయన దండం పెట్టాడో ఆ ఆఫీసు గుమాస్తా. “ఇప్పించింది నేను, దండమేమో వానికి,” అని బజ్జీ కసిగా కొరికేది. నా వంతు వచ్చినప్పుడు నాతో చదివిన పిల్లకు ప్రభుత్వోద్యోగం వచ్చిందని చెప్పాను. “అది పాత మంట పాపా. ఈ వారంది చెప్పు,” అంది. నేను నవ్వి తప్పించుకున్నాను. ఈ వారంది నా ఎదురుగానే కూర్చుని ఉంది మరి.

ఆమెను చూసి నేను ఎందుకు ఓర్వలేకపోయానో చెప్పడం మొదలుపెడితే తెల్లారిపోతుంది. బెంగళూరు నుంచి దాతలు వస్తే నేను గోడకు పటాలు తగిలించి, ఇంగ్లీషులో గంటసేపు వివరించేదాన్ని. వాళ్లు మర్యాదగా తలాడించేవారు. ఆ తర్వాత సుగుణమ్మ వాళ్లను చెయ్యి పట్టుకుని పేటలోకి లాక్కుపోయి, ఎవరింట్లోనో కూర్చోబెట్టి తెలుగులో ఏదో చెప్పేది. అర్థం కాకపోయినా వాళ్లు కళ్ళు తుడుచుకుంటూ తిరిగొచ్చేవారు. పేటలో నేను ఎవరి ఇంటికి పోయినా గబగబా కుర్చీ తుడిచి వేసి “కూర్చోండి మేడం” అనేవారు. ఆమె పోతే కుర్చీ సంగతే ఎవరికీ గుర్తుండేది కాదు, వంటింట్లోంచే “అక్కా, ఉప్పు చూసి పో” అని పిలిచేవారు. అలాంటి పేటలోనే పుట్టిన నన్ను మేడం చేసి దూరంగా కూర్చోబెట్టారు. ఆ కుర్చీని విరిచి పొయ్యిలో పెట్టాలనిపించేది.

పిల్లల చదువులకు చోటు కావాల్సి వచ్చింది. గేటు దగ్గర మునిసిపాలిటీది ఒక పాత గోదాము ఖాళీగా పడి ఉంది. దాన్ని సంఘానికి ఇప్పించడం కోసం నేను ఎండనక వాననక ఆఫీసుల చుట్టూ తిరిగాను. ఏ బల్ల దగ్గర ఏ కాగితం ఆగిందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేదాన్ని. ఆఖరి రోజున పెద్ద అధికారిని కలవడానికి సుగుణమ్మ కూడా వచ్చింది. నేను ఫైలు తెరిచేలోపే ఆమె ఆయన ఊరేదో కనుక్కుంది. కొలిమిగుండ్ల అనగానే అక్కడి ఎండల గురించి, శనగ పంట గురించి, ఆయన తల్లి మోకాళ్ల నొప్పి గురించి మాట్లాడింది. ఆయన నవ్వుతూ సంతకం పెట్టేశాడు. నా ఫైలు మూసింది మూసినట్టే ఉంది. మర్నాడు పేపర్లో ఫోటో వచ్చింది. తాళంచెవులు పట్టుకుని సుగుణమ్మ ఒళ్ళంతా నవ్వుతోంది. ఆ పక్కన నా మోచెయ్యి పడింది. మోచెయ్యి, చేతి గడియారం, అంతే.

ఆ శనివారం నా వంతు వచ్చింది. ఉగ్గాని పళ్ళెం చాప మీద పెట్టాను.

“మీ మీద,” అన్నాను.

బాషా తింటున్నవాడు ఆగిపోయాడు. సుగుణమ్మ తన పళ్ళెంలోంచి ఒక బజ్జీ తీసి నా పళ్ళెంలో వేసింది.

“ఇయ్యాల చేరినావ్ పాపా సంఘంలో,” అంది.

నిజంగానే ఏదో బరువు దిగింది. అక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేది. ఆఖర్న ఆమె వంతు వచ్చినప్పుడు ఆశగా చూశాను. ఇన్ని తిరుగుళ్లు తిరిగాను, ఇంత చదివాను, ఇంగ్లీషులో మాట్లాడతాను, నాలో ఒక్కటైనా ఆమె కళ్ళలో పడి ఉండదా? ఆమె తాపీగా చెయ్యి కడుక్కుని, మిల్లు యజమాని భార్య కొత్త గాజుల గురించి చెప్పింది. నన్ను చూసి కుళ్ళుకోవడానికి ఆమెకేమీ దొరకలేదు! గాజుల పాటి కూడా చెయ్యని దాన్ని. ఆ రోజు నుంచి ఆమె కుర్చీ మీద నాకు లోలోపల ఉన్న ఆశ తగ్గింది, ఇంకో ఆశ పుట్టింది. ఒక్క శనివారమైనా ఆమె నోట నా పేరు వినాలి. దానికోసం ఎంత పనైనా చేస్తాను. మనుషులు ఏయే కారణాలతో సమాజసేవ చేస్తారో పుస్తకాల్లో చదువుకున్నాను గానీ, ఇది అందులో లేదు.

పని చేశాను. పేటలో తిరిగాను. మేడం అన్నా పట్టించుకోకుండా వంటింట్లోకి దూరాను. అర్జీ రాయాలన్నా, ఆసుపత్రిలో డాక్టరుతో మాట్లాడాలన్నా మెల్లమెల్లగా నా కోసం వచ్చి నిలబడటం మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే సుగుణమ్మ నన్ను పిలిచి, ఆళ్లగడ్డలో సంఘం శాఖ పెడదామనీ, నువ్వే పోవాలనీ అంది. వేరు పట్టుకుంటున్న మొక్కను పీకేసినట్టనిపించింది. నేను పోనన్నాను. “ఆడ ఎవురూ లేరు పాపా, నువ్వే చూసుకోవల్ల,” అని మాట తెంచేసింది. నన్ను దూరంగా విసిరేసిందని కోపంతో బస్సెక్కాను. శిరివెళ్ళ దాటేదాకా కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను.

ఆళ్లగడ్డ అంటే విగ్రహాల ఊరు. రోడ్డుకు రెండు పక్కలా రాళ్లు, ఉలి చప్పుళ్లు, తెల్లటి దుమ్ము. చెక్కేది శిల్పులైతే, చెక్కిన బొమ్మకు నునుపు పెట్టే కూలి పనికి మా వాళ్ల పేట నుంచి కొందరు ఆడవాళ్లు పోయేవారు. దేవుడి చెంపలు అరచేత్తో రుద్ది రుద్ది మెరిపించేవారు. గుళ్లో ప్రతిష్ఠ అయ్యాక ఆ దేవుడిని తాకే యోగ్యత వాళ్లకు ఉండేది కాదు. దుమ్ముతో దగ్గులు, ఇంట్లో పసిబిడ్డలు, చదువు మానేసిన ఆడపిల్లలు. నాకు ఊపిరాడనంత పని దొరికింది. పసిపిల్లలను చూసుకునే గది తెరిచాను, దగ్గుకు మందు ఇప్పించాను, ముక్కుకు గుడ్డ కట్టుకోకుండా పనిలోకి పోవద్దని ఇల్లిల్లూ తిరిగి పోట్లాడాను. గది ముందు కూర్చోవడానికి ఏమీ లేకపోతే, చెక్కుతుండగా బీటపడిందని వదిలేసిన ఒక బండను ఓ శిల్పి పంపించాడు. దాని అంచున సగం చెక్కిన తామరపువ్వు ఉండేది. అక్కడ నన్ను ఎవరూ మేడం అనలేదు. వచ్చిన మొదటి వారమే ఒకామె “అక్కా” అని పిలిచింది. ఇంకా పిలుస్తుందేమోనని విననట్టు నటించాను.

ఒక శుక్రవారం సుగుణమ్మ చెప్పకుండా వచ్చింది. నేను లోపల పసిబిడ్డల తల్లులతో మాట్లాడుతున్నాను. గుమ్మం దగ్గర ఒక కూలామె ఆమెను ఆపేసింది. ఆ మాటలు నాకు లోపలికి వినబడుతూనే ఉన్నాయి.

“ఎవురు మీరు? అక్క పనిలో ఉండాది. ఆ బండ మింద కూసోండి, పిలుస్తా.”

నేను లేచి పరుగెత్తాల్సింది. లేవలేదు. కిటికీలోంచి చూశాను. నంద్యాలలో ఏ ఆఫీసులోనూ ఎవరికోసమూ కూర్చోని మనిషి, పచ్చ పట్టుచీర సర్దుకుని ఆ బండ మీద కూర్చుంది. వేలితో ఆ సగం పువ్వును తడుముతోంది. నా గుండె ఎగిరి గంతులేసింది. ఇంక రేపు తప్పదు, రేపు నా పేరు చెప్పి తీరాల్సిందే అనుకున్నాను. మర్నాడు, ప్రతి శనివారంలాగే, నంద్యాలకు వెళ్లి అందరికంటే ముందు చాప మీద కూర్చున్నాను. ఆమె వంతు వచ్చింది. తను ఎక్కిన బస్సులో ముందు సీట్లో కూర్చున్నావిడ చీర అంచు గురించి చెప్పింది. నేను ఉగ్గాని పళ్ళెం వదిలేసి లేచి వచ్చేశాను. ఆ తర్వాత చాలా వారాలు, పని ఉందని చెప్పి శనివారాలు ఎగ్గొట్టాను.

ఆమెకు గుండెజబ్బు బయటపడి నంద్యాల ఆసుపత్రిలో చేర్చినప్పుడు బాషా ఫోను చేశాడు. వెళ్లేసరికి శనివారం అయింది. అలవాటు కొద్దీ బాషా ఉగ్గాని తెచ్చాడు. నూనె వస్తువు ముట్టుకోవద్దని డాక్టర్లు గట్టిగా చెప్పారు కాబట్టి ఆమె వాసన చూసి ఊరుకుంది. కమ్మలు తీసేశారు, జడలో పూలు లేవు, ఆసుపత్రి దుప్పటి కింద ఆమె చిన్నగా కనిపించింది. సంఘం బాధ్యత విమలకే అప్పగించాలని కమిటీకి చెప్పేసిందని బాషా అన్నాడు. విమల అంటే నేనే. ఒకప్పుడు అంతగా కోరుకున్న కుర్చీ, తీరా చేతికొస్తే నాకేమీ అనిపించలేదు. నేను ఎదురుచూసింది ఆ మాట కోసం కాదు.

ఆమె బాషా వంక చూసి “నన్నడుగప్పా” అంది. బాషా పొట్లం పక్కన పెట్టి, ఈ వారం ఎవరి మీద అని అడిగాడు.

“ఈ పాప మింద,” అంది సుగుణమ్మ. “ఈ వారం గాదు. వచ్చిన కాడి నుంచి. పేటలో అందరూ విమలమ్మ యాడ, విమలమ్మ యాడ అని అడగబట్టిరి. నాకు నిద్ర పట్టల్యా. అందుకే ఆళ్లగడ్డకు తోలినా. ఆడ గూడా నన్ను బండ మింద కూసోబెట్టిరి. అందరినీ చెప్పమన్నా. నీ పేరు మాత్రం నా నోటికి రాలా.”

నేను ఏడవలేదు. అంత పుణ్యాత్మురాలిని కాను. లోపల పండగ చేసుకున్నాను. ఆ చీరలు, ఆ కమ్మలు, ఆ గొంతు, ఆ పేటంతా ఆమెదై ఉండగా, ఆమె నన్ను చూసి నిద్రపోలేదు! నా భుజం మీద ఆమె చెయ్యి పడితే గానీ నేను పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నానని నాకు తెలియలేదు. ఆమె కూడా నవ్వింది. “చూడప్పా, ఎట్ల మురిసిపోతాందో,” అని బాషాతో అంది. ఒక్క బజ్జీ ముక్క నోట్లో పెట్టమని మమ్మల్నిద్దరినీ బతిమాలింది, మేము పెట్టలేదు. అది మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

తర్వాత కొద్ది రోజులకే పోయింది. సంతాపసభకు గేటు దాటి ఊరు ఊరంతా వచ్చింది. నేను మాట్లాడబోయేదంతా రెండు రోజులు కూర్చుని తయారు చేసుకున్నాను. నాకంటే ముందు బాషా లేచి, ఆసుపత్రిలో ఆమె అన్న మాటలు చెప్పాడు. చావు ముందర తన తప్పు తానే ఒప్పుకున్న మహాతల్లి అని జనం ఏడ్చారు. అసూయపడింది ఆమె, అసూయపడేలా చేసింది నేను, గొప్పతనమేమో మళ్ళీ ఆమె ఖాతాలోకే పోయింది. ఆ తర్వాత నేనేం మాట్లాడినా ఎవరి చెవికీ ఎక్కలేదు.

ఇప్పుడు ఆళ్లగడ్డ శాఖను శిరీష చూస్తోంది. నునుపు పనికి పోయే ఒక కూలామె కూతురు, నేను పట్టుబట్టి మళ్ళీ బడికి పంపిన ఆడపిల్లల్లో ఒకతి. శనివారం మాట నెలకొకసారి అక్కడ పెట్టుకుంటున్నాం. మొన్న పొట్లాలు పట్టుకుని వెళ్లేసరికి గుమ్మం ముందు చాలామంది ఆడవాళ్లున్నారు, చాలామంది నాకు కొత్త. నేను లోపలికి పోబోతే ఒక పడుచు అడ్డం నిలబడింది. శిరీషక్క లోపల పనిలో ఉందనీ, పిలిచేదాకా ఆ బండ మీద కూర్చోమనీ చెప్పింది. నేనెవరో చెప్పొచ్చు. చెప్పలేదు. కూర్చున్నాను. బండ ఎండకు కాలుతోంది. చేతికి ఆ సగం పువ్వు తగిలింది. లోపల్నుంచి శిరీష గొంతు, ఆ వెంటనే ఆడవాళ్ల నవ్వులు. నేనున్నప్పుడు వాళ్లు అలా నవ్వినట్టు గుర్తులేదు. శిరీషను ఇక్కడ్నుంచి తీసి ఎక్కడికి పంపితే బాగుంటుందా అని నా బుర్ర అప్పుడే ఊళ్ల పేర్లు వెతకడం మొదలుపెట్టింది. జూపాడు బంగ్లాలో మనకెవరూ లేరు కదా, అనుకున్నాను కూడా.

చాప వేశారు. శిరీష పొట్లాలు విప్పి అందరికీ పెట్టింది. నంద్యాల నుంచి వెనక బస్సులో వచ్చిన బాషా తన టైలరు పేరు చెప్పాడు. ఆ టైలరు దుకాణం కట్టేసి చాన్నాళ్లయింది, అయినా చెప్పాడు. శిరీష తన వంతు రాగానే తలొంచుకుని, నిన్న సినిమాకు పోయిన తన చెల్లెలి పేరు చెప్పింది. ఆఖర్న నా వంతు. నాలుక మీదికి రెండు మూడు పేర్లు వచ్చాయి, చీరలూ గాజులూ కూడా వచ్చాయి. సుగుణమ్మకు అన్నేళ్లు నా పేరు నోటికి ఎందుకు రాలేదో అప్పుడు తెలిసింది.

“శిరీష మీద,” అన్నాను.

ఆ పిల్ల చేతిలో బజ్జీ అలాగే ఆగిపోయింది. ముందు భయపడింది. ఆ తర్వాత, ఎంత ఆపుకుందామన్నా ఆగక, ముఖమంతా నవ్వు పాకింది. ఆ నవ్వు నాకు తెలుసు. సుగుణమ్మ చెయ్యలేనిది ఒక్కటైనా చేశానని నేను గర్వపడాల్సిన సమయం అది. పడలేకపోయాను. అదే మాట కోసం నేను ఇన్నేళ్లు ఎదురుచూసి, చివరికి ఆసుపత్రి మంచం దాకా పోవాల్సి వచ్చింది. ఈ పిల్లకేమో ఇంకా బజ్జీ చల్లారకముందే దక్కింది. వచ్చే శనివారానికి మళ్ళీ ఇంకో పేరు వెతుక్కోనక్కర్లేదు.